అధికారం - ఆదరణ

తప్పు చేయని ఉద్యోగి ఎక్కడా ఉండడు. అసలు పనే చేయనివాడికి ఒక్కడికే ఆ కీర్తి దక్కుతుంది. ఈ మాటను అంగీకరించే పెద్దలు సైతం, తమ కింద పనిచేసేవారు పొరపాటు చేసినప్పుడు మాత్రం మెమో వైపు, సంజాయిషీ వైపు, ఇంక్రిమెంటు కోత వైపు చేయి చాస్తారు. దండన వలన క్రమశిక్షణ కలుగుతుందని వారి విశ్వాసం. దాని వలన మౌనం కలుగుతుందని నా అనుభవం.

నేను ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరిన కొత్తలో, మా అధికారి మిక్కిలి దక్షుడని పేరు పొందినవారు. ఒకనాడు ఒక సహోద్యోగి కూడికలో పొరపాటు చేస్తే, ఆయన అతనిని అందరి ఎదుట నిలబెట్టి కాగితాలు విసిరికొట్టారు. మరునాడు మెమో అతని చేతికి వచ్చింది. ఆ తరువాత మా విభాగంలో తప్పులన్నవే కనిపించలేదు. అది తన శిక్షణ ఫలితమని ఆయన సంతోషించారు. నిజానికి తప్పులు జరుగుతూనే ఉన్నాయి. వాటిని కప్పిపుచ్చే నేర్పు మాకు అబ్బింది.

ఆ రోజులలోనే, మరణించిన ఒక ఉద్యోగి భార్యకు రావలసిన కుటుంబ పింఛను లెక్క నేను వేశాను. అది మంజూరైన కొన్ని వారాలకు ఒక సంగతి గ్రహించాను. చివరి వేతనం తీసుకోవలసిన చోట అంతకు ముందటి ఏడాది వేతనం తీసుకున్నాను. ఆ ఇల్లాలికి నెలనెలా తక్కువ సొమ్ము చేరుతున్నది. ఆ మాట అధికారితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా దగ్గర ఉన్న నకలును సొరుగు అడుగున పెట్టి తాళం వేశాను.

ఆ సొరుగు జ్ఞాపకం వచ్చినప్పుడల్లా, మన ఆంధ్ర తీరాన ఉన్న శ్రీహరికోటలో జరిగిన ఒక సంఘటన నా మనసులో మెదులుతుంది.

1979 ఆగస్టు 10న అక్కడినుండి మన దేశపు తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్.ఎల్.వి.-3 పైకి లేచింది. నాలుగు దశలు, 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు గల ఆ నౌక వెనుక ఎందరో శాస్త్రజ్ఞుల అనేక సంవత్సరాల శ్రమ ఉన్నది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో అదుపు తప్పింది. 317 సెకన్లలో అంతా ముగిసి, నౌక బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ప్రయోగానికి ముందు కంప్యూటరు ఆగమని సూచించినా, నిపుణుల లెక్కలను నమ్మి ముందుకు సాగమన్న నిర్ణయం తనదేనని ఆయన తరువాతి కాలంలో ఎన్నో ప్రసంగాలలో చెప్పుకున్నారు. బలిపశువు కోసం వెదికేవారికి అంతకంటె అనువైన సందర్భం దొరకదు.

అప్పటి ఇస్రో అధ్యక్షుడు ఆచార్య సతీశ్ ధావన్ అలా వెదకలేదు. పత్రికలవారి ఎదుటికి కలాంను పంపక తానే వెళ్ళారు. వైఫల్యానికి బాధ్యత తనదన్నారు. తన బృందం మీద తనకు నమ్మకం ఉన్నదని, మరుసటి ప్రయోగంలో విజయం సాధిస్తామని చెప్పారు.

ఇంతవరకు వినినవారు దీనిని మంచి మనసుకు ఒక ఉదాహరణగా భావించి ఊరుకుంటారు. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది ఆ తరువాత జరిగిన పని. ధావన్ జరిగినదానిని మరచిపొమ్మనలేదు. నిపుణులు నౌక గమనాన్ని క్షుణ్ణంగా పరిశీలించారు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం మలినం చేరి మూసుకోలేదని, ప్రయోగానికి ముందు నిమిషాలలోనే నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తేలింది. ఎంత చిన్న లోపమో చూడండి! తన ఉద్యోగం ఊడుతుందన్న భయంతో ప్రతి ఇంజనీరూ తన కాగితాలను తాను దాచుకొని ఉంటే, ఆ కవాటం సంగతి అంత తేలికగా బయటపడేదా?

విమానయానంలో ఈ సత్యాన్ని ఏకంగా ఒక నియమంగానే మలచుకున్నారు. అమెరికాలో 1976 నుండి పైలట్లు తమ పొరపాట్లను దండించే అధికారం గల శాఖకు కాక, నాసాకు తెలుపుకోవచ్చును. అక్కడ పేర్లు తొలగిస్తారు. తప్పు ఉద్దేశపూర్వకం కాకుండా, ప్రమాదమో నేరమో అయి ఉండకుండా, పది దినాల లోపల తెలిపినవారికి కొన్ని షరతులకు లోబడి శిక్ష నుండి మినహాయింపు లభిస్తుంది.

"మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి" అనే సామెతను నాకు గుర్తుచేసేవారు ఉన్నారు. లంచం పుచ్చుకున్నవాడినీ, దొంగలెక్కలు వ్రాసినవాడినీ ఆదరించమని నేను అనను. వారికి శిక్ష పడవలసిందే. అయితే దుర్బుద్ధికీ పొరపాటుకూ భేదం చూడలేని అధికారి ఒకే కర్రతో ఇద్దరినీ కొడతాడు. అప్పుడు దుర్బుద్ధి గలవాడు మరింత జాగ్రత్తపడతాడు; పొరపడినవాడు మూగవాడవుతాడు. మీలో చాలామంది రేపు ఉద్యోగులవుతారు. కొందరు అధికారులు కూడా అవుతారు. ఆ కర్ర మీ చేతికీ వస్తుంది.

1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 మళ్ళీ లేచింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆనాడు పత్రికలవారితో మాట్లాడే పనిని ధావన్ కలాంకు అప్పగించారు.

ఇక నా సొరుగు సంగతి. పదకొండు నెలల తరువాత మా అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన మొదటి వారంలోనే మమ్మల్ని పిలిచి, తప్పు కనబడితే ముందుగా తనకు చెప్పమని, దిద్దుకొనే పని ఇద్దరం కలిసి చేద్దామని అన్నారు. రెండు దినాలు తటపటాయించి, మూడవనాడు ఆ నకలు తీసుకొని ఆయన బల్ల మీద పెట్టాను. ఎందుకు దాచావని ఆయన అడగలేదు. "ఆమెకు ఇంతవరకు ఎంత తగ్గిందయ్యా?" అని అడిగారు. అది నేను లెక్క కట్టనే లేదు. ఆ సాయంకాలం ఇద్దరం కూర్చొని బకాయి తేల్చాము. ఇకమీదట ఒకరు వేసిన పింఛను లెక్కను మరొకరు సరిచూడాలని మరునాడు ఉత్తర్వు వచ్చింది.

కొన్నాళ్ళకు ఆ ఇల్లాలు బకాయి సొమ్ము తీసుకోవడానికి మా కార్యాలయానికి వచ్చింది. లెక్క సరిచేసింది నేనేనని ఎవరో చెప్పారు కాబోలు, నా బల్ల దగ్గరకు వచ్చి, "మీ మేలు మరువలేను బాబూ" అని చేతులు జోడించింది. నేను తల ఎత్తలేకపోయాను.