దరువుకి ఆడామగా తేడానా?

మగపిల్లాడు బల్ల మీద దరువేస్తే 'ఎంత తాళజ్ఞానమో!' అని మురిసిపోతాం. అదే ఆడపిల్ల వేస్తే 'ఏమిటే ఆ చప్పుడు?' అని కసురుతాం. పాశ్చాత్య సంగీతంలోనూ ఇదే వరస!

ప్రోగ్రెసివ్ మెటల్ అని ఒక సంగీతం ఉంది. గిటార్ల హోరులో లెక్క నాలుగులోంచి అయిదుకీ, ఏడుకీ మారిపోతూ ఉంటుంది. ఖండచాపు, మిశ్రచాపు తెలిసినవారికి ఆ కష్టం అర్థమవుతుంది. అందుకే అందులో డ్రమ్మరుకి అంత గౌరవం. గొప్పవాళ్లెవరంటే అభిమానులు డ్రీమ్ థియేటర్ బృందంలోని మైక్ పోర్ట్‌నాయ్, టూల్‌లోని డానీ కేరీ, మెషుగ్గాలోని థామస్ హాకే పేర్లు చెబుతారు. కేరీ తబలా కూడా నేర్చుకున్నాడు. హాకే చేతులు ఒక లెక్కన, కాళ్లు మరో లెక్కన నడుస్తాయి. వాళ్ల గొప్పతనం కాదనలేం.

మరి ఆ వరసలో ఒక్క ఆడపేరూ వినబడదేం? 2010లో పోర్ట్‌నాయ్ వెళ్లిపోయినప్పుడు డ్రీమ్ థియేటర్ ఏడుగురిని పిలిచి పరీక్షించింది. ఏడుగురూ మగవాళ్లే! పిలుపే రాకపోతే ప్రతిభ ఎలా తెలుస్తుంది? 'ఆడవాళ్లకి బలం చాలదు' అనడం తేలికే. లెక్క తప్పకపోవడం కండతో కాదు, సాధనతో వస్తుంది.

ఈ సంగీతానికి దారి వేసిన కెనడా బృందం రష్. పోర్ట్‌నాయ్‌కి ఆదర్శమైన దాని డ్రమ్మరు నీల్ పియర్ట్ 2020లో కన్నుమూశాడు. 2025లో ఆ స్థానానికి రష్ ఎంచుకున్నది జర్మనీ మహిళ అనికా నిలెస్‌ని!

మన దండమూడి సుమతి మృదంగానికి 2021లో పద్మశ్రీ వచ్చింది కదా. ఈసారి మీ అమ్మాయి దరువేస్తే కసరకండి. ఏ తాళమో అడగండి!