ఆ నవలాకారుడు కవి కూడా

2024 అక్టోబరులో కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ‘ది వెజిటేరియన్’ నవలతోనే ఆమెను ఎరిగిన చాలామందికి అప్పుడు తెలిసింది, 1993లో ఆమె మొదట అచ్చయింది కవితలతోనేనని. వెంటనే ఆ కవితల కోసం వెతికారు. మంచిదే. సియోల్ దాకా పోయిన ఆ కుతూహలం నల్లమల వైపు తిరగదేం?

మహానంది గుడి వెనకే నల్లమల. కరువు కాలంలో గొర్రెల మందల్ని మేపు కోసం ఆ అడవిలోకి తోలుకుపోవడాన్ని కాపరులు కొండపొలం అంటారు. ఆ బతుకును నవల చేసినవాడు కడప జిల్లా బాలరాజుపల్లె సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి. 2019లో ‘కొండపొలం’కు తానా బహుమతి, 2021లో దాని మీద దర్శకుడు క్రిష్ సినిమా. పేరు ఊరూరా తెలిసింది. ఆయన కవి కూడా అన్న సంగతి మాత్రం ఆ సందడిలో వెనకబడిపోయింది. సన్మానపత్రంలో ‘కవి’ అని రాస్తారు. వేదిక మీద ఒక్క కవిత చదవరు.

ఇది చిన్న లోపం కాదు. ‘కొండపొలం’లో అడవి కథకు వెనక తెరలా ఉండదు. పులి భయం, దప్పిక, మందను కాచుకునే రాత్రులు పిరికి కుర్రవాణ్ని మనిషిని చేస్తాయి. ఏ చప్పుడుకు చెవి రిక్కించాలో, ఏ మాట దగ్గర ఆగాలో తెలిసినవాడే అలాంటి అడవిని రాయగలడు. ఆ చెవి కవిది. కవిత్వాన్ని వదిలేసి నవలనే మెచ్చుకునేవాళ్లు ఆ రచయితను సగమే చదివారు.

ఈ సగం చదువు కొత్తది కాదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల బహుమతిని ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’ పంచుకున్నాయి. రాసిన విశ్వనాథ సత్యనారాయణ, అడివి బాపిరాజు ఇద్దరూ కవులే. విశ్వనాథకు 1962లో సాహిత్య అకాడమీ బహుమతి ‘మధ్యాక్కరలు’కు, ఆ తర్వాత జ్ఞానపీఠం ‘రామాయణ కల్పవృక్షం’కు వచ్చాయి గనుక ఆయన కవిత్వాన్ని దాచడం ఎవరి తరమూ కాలేదు. బాపిరాజుకు ఆ అండ లేదు. ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’ చదివి మురిసినవాళ్లలో ‘శశికళ’ గీతాలు అడిగి తీసుకున్నవారెందరు?

నవలాకారుడికి కవిత్వం తీరిక వేళ వ్యాపకమేననే పెద్దలున్నారు. తన నవల ‘జూడ్’ మీద రేగిన దుమారం తర్వాత నవలలు మానేసి, 1898 నుంచి చనిపోయేదాకా కవిత్వమే రాసిన ఇంగ్లిష్ రచయిత థామస్ హార్డీకి ఆ మాట చెప్పగలరా?

తప్పు పాఠకుడొక్కడిదే కాదు. గ్రంథాలయంలో నవలల బీరువా ఒక మూల, కవిత్వం బీరువా ఇంకో మూల. ప్రచురణకర్త నవల వెనక అట్ట మీద బహుమతులన్నీ ఏకరువు పెడతాడు, కవితా సంపుటి పేరుకు చోటుండదు. ‘కొండపొలం’ మళ్లీ అచ్చువేసేటప్పుడు చివర పది కవితలు చేర్చాలి. బహుమతులిచ్చే సంస్థలు ఆ ఖర్చు భరించాలి. నంద్యాల, కడప గ్రంథాలయాలు రాయలసీమ రచయితల నవలల్నీ కవితల్నీ ఒకే బీరువాలో పెట్టాలి.