తెర వెనుక మనవారెవరు?

ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లినప్పుడల్లా మాకు ఒకే దృశ్యం ఎదురవుతోంది. నల్లబల్ల పక్కన గోడకు పెద్ద డిజిటల్ తెర ఉంటుంది. తాకితే ఇంగ్లీషులో పాఠం వస్తుంది, తెలుగులో పాఠం వస్తుంది. ఉర్దూలో వచ్చేది బహు స్వల్పం. ఉపాధ్యాయిని ఆ పాఠాన్ని మధ్యమధ్య ఆపి, తానే ఉర్దూలో వివరించి, మళ్లీ నడిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ ఓపికా సన్నగిల్లుతుంది. తెర మీద దుమ్ము పేరుకుంటుంది. ‘తెర ఇచ్చాం కదా’ అంటారు పాలకులు. మేము తెర గురించి అడగడం లేదు. ఆ తెరలోకి పాఠం ఎక్కించే కుర్చీలో ఎవరు కూర్చున్నారని అడుగుతున్నాం.

ఆ కుర్చీ విద్యా సాంకేతికత చదివినవారిది. ఇది చెడిపోయిన కంప్యూటర్లను బాగుచేసే పని కాదు. ఏ పాఠాన్ని బొమ్మగా చూపాలి, దేన్ని మాటగా వినిపించాలి, పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో ఎలా కనిపెట్టాలి, చూపు లేని బిడ్డకు అదే పాఠాన్ని ఎలా అందించాలి అని నిర్ణయించే పని. బోధన తెలిసినవాడికి యంత్రం తెలియాలి, యంత్రం తెలిసినవాడికి బోధన తెలియాలి. బి.టెక్. చేసి బి.ఇడి. చేసినవారు, ఎం.సి.ఏ. తరువాత ఎం.ఇడి. చదివినవారు మన ఇళ్లలోనే ఉన్నారు. వారికి ఉర్దూ కూడా వచ్చు. అయినా ఈ కుర్చీల దారి వారికి ఎవరూ చూపలేదు.

‘అదంతా ప్రైవేటు కంపెనీల వ్యవహారం, ప్రభుత్వంలో అలాంటి కొలువులు ఎక్కడివి?’ అనేవారు చరిత్ర చూడాలి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ పాఠాలు అందించిన ‘సైట్’ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో, సుమారు 2,400 గ్రామాల్లో సాగింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఆ ప్రసారాలు హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషల్లో నడిచాయి. మొదటి అడుగులోనే ఉర్దూకు చోటు లేకపోయిందన్న సంగతి మనం మరువరాదు. 1982లో దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో వెలిసింది. 1984లో ఎన్.సి.ఇ.ఆర్.టి. కింద కేంద్రీయ విద్యా సాంకేతిక సంస్థ ఏర్పడింది. రాష్ట్ర స్థాయిలో ఇలాంటి సంస్థలు నెలకొన్న ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2017లో ‘దీక్ష’ వేదిక, 2020లో ‘పీఎం ఈ-విద్య’ వచ్చాయి. తెలంగాణలో ‘టీ-శాట్’ ప్రసారాలు నడుస్తున్నాయి. యాభై ఏళ్లుగా ప్రజాధనంతో సాగుతున్న పని ఇది. ప్రజల్లో మనమూ ఉన్నాం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. 1986 జాతీయ విద్యా విధానం దరిమిలా జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, అంటే డైట్, ఏర్పడింది. డైట్‌కు నిర్దేశించిన ఏడు విభాగాల్లో విద్యా సాంకేతిక విభాగం ఒకటి. అంటే కాగితం మీద ప్రతి డైట్‌లోనూ ఈ చదువుకు ఒక చోటు ఉంది. ఆచరణలో జరుగుతున్నదేమిటి? డైట్‌లలో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి కొనసాగుతున్నాయి. పాఠశాలల నుంచి డిప్యుటేషన్ మీద కొందరిని తెచ్చి కాలం వెళ్లదీస్తున్నారు. నోటిఫికేషన్ రాదు. రాకపోతే పోటీ లేదు, పోటీ లేకపోతే రిజర్వేషన్ లేదు. మూసిన తలుపు ముందు హక్కు ఎంత ఉన్నా లోపలికి పోలేం కదా!

ఇక్కడే అసలు మోసం ఉంది. 2007 చట్టం ద్వారా బి.సి.-ఇ వర్గాలకు లభించిన నాలుగు శాతం రిజర్వేషన్ 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో నిలిచి ఉంది. ఆ నాలుగు శాతం అంటే నూరు పాయింట్ల రోస్టరులో నాలుగు. పోస్టులు వందల్లో వెలువడితే ఆ నాలుగూ మనకు కనిపిస్తాయి. పదేళ్లకు ఒకటీ అరా వెలువడితే మన వంతు ఏ తరానికి వస్తుంది? ఇక శాశ్వత కొలువును కాంట్రాక్టుగా, కాంట్రాక్టును ఔట్‌సోర్సింగ్‌గా మార్చినకొద్దీ ఎంపిక కమిషన్ చేతుల్లోంచి ఏజెన్సీ చేతుల్లోకి పోతుంది. రిజర్వేషన్‌ను ఎవరూ రద్దు చేయనక్కరలేదు. కొలువు స్వభావం మారిస్తే చాలు, అది దానంతటదే ఎండిపోతుంది. పాఠాలు తయారుచేసే పనిని టెండరుతో బయటివారికి అప్పగించినప్పుడు కూడా జరిగేది ఇదే. కంపెనీకి లాభం వచ్చే భాషలో పాఠం తయారవుతుంది. ఉర్దూ బిడ్డ వారి లెక్కలోకి రాడు.

కనుక మేము చెప్పేది ఒకటే. ఉర్దూ తరగతి గదిలో పాఠం లేకపోవడం, ముస్లిం పట్టభద్రుడికి కొలువు లేకపోవడం రెండు వేర్వేరు సమస్యలు కావు. ఒకే తలుపుకు వేసిన ఒకే తాళం. ఆ కుర్చీని శాశ్వత కొలువుగా భర్తీ చేస్తే బిడ్డకు పాఠమూ వస్తుంది, పట్టభద్రుడికి జీతమూ వస్తుంది.

‘మీ పిల్లలు పోటీకి రారు’ అన్నది మరో నింద. 2006లో సచార్ కమిటీ నివేదిక వెలువడినప్పుడు ఐ.ఏ.ఎస్.లో ముస్లింల వాటా మూడు శాతమని తేలింది. 2001 జనాభా లెక్కల ప్రకారం జనాభాలో వాటా 13.4 శాతం. ఆ అంకెలను చూపి మనలో చొరవ లేదన్నవారే ఎక్కువ. చొరవ లేనివారు తమ ఊళ్లో చదివి ఎడారి దేశాలకు వలసపోయి రాత్రింబవళ్లు కష్టపడతారా? చొరవ ఉంది. లేనిది సమాచారం, శిక్షణ, నమ్మకం. నమ్మకం లేకపోవడానికి కారణం మన గుణం కాదు, మనం పొందిన అనుభవం.

అయితే మనల్ని మనం కూడా నిలదీసుకోవాలి. కొడుకు ఇంజనీరింగ్ ముగించగానే పాస్‌పోర్టు తీయించే తండ్రులున్నారు. కూతురు బి.ఇడి. చేస్తే పక్క వీధి ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి కుదిర్చి, పెళ్లి సంబంధాలు చూసే తల్లులున్నారు. ఇంటికీ బడికీ మధ్య మరో గది ఉందనీ, పాఠం పుట్టేది అక్కడేననీ ఆ ఆడపిల్లకు ఎవరు చెప్పారు? స్టూడియోలో, కంప్యూటరు ముందు, పాఠ్య రచనలో ఆమె చేయగల పని ఎంతో ఉంది. స్వతంత్ర భారతదేశపు తొలి విద్యామంత్రి మౌలానా ఆజాద్ అని ప్రతి నవంబరు 11న గర్వంగా చెప్పుకుంటాం. సభ ముగిశాక కుర్చీలు మడిచి ఇంటికి పోతాం. ఆ మరునాడు ఏ నోటిఫికేషన్ వెలువడిందో చూసేవారు మన సంఘాల్లో ఎందరు?

తల్లిదండ్రులారా, దారులు ఇవి. విద్యాశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా ఉన్నవారు యూజీసీ నెట్ రాయవచ్చు. ఆ విషయ ప్రణాళికలో సాంకేతికతకు ఒక పూర్తి యూనిట్ ఉంది. నెట్ నెగ్గితే విశ్వవిద్యాలయాల విద్యా విభాగాల్లో సహాయాచార్య పదవికి అర్హత వస్తుంది. కంప్యూటర్ సైన్స్ చదివినవారికి కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ కొలువులున్నాయి. ఎన్.సి.ఇ.ఆర్.టి., రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ, సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1998లో గచ్చిబౌలిలో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు బోధనా మాధ్యమ కేంద్రం వంటివి వెలువరించే ప్రకటనలను నెలనెలా గమనించాలి. అర్హతలు ప్రకటన ప్రకటనకూ మారుతుంటాయి గనుక ప్రతిదాన్నీ ఆసాంతం చదవాలి. బి.సి.-ఇ, నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. చివరి తేదీకి ముందురోజు తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడం వల్ల చేజారిన అవకాశాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

ప్రభుత్వాలను మేము అడుగుతున్నది దయ కాదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ చెబుతోంది. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండవ అధికార భాషగా శాసనసభల్లో ఆమోదించాయి. అధికార భాషకు తెర మీద పాఠం లేకపోతే ఆ హోదా గోడ మీది బోర్డుకే పరిమితం. కాబట్టి ప్రతి డైట్‌లో విద్యా సాంకేతిక విభాగపు పోస్టులను శాశ్వత ప్రాతిపదికన భర్తీ చేయాలి. రాష్ట్ర స్థాయిలో ఉర్దూ పాఠాల తయారీకి ప్రత్యేక బృందాన్ని నియమించాలి. విడివిడిగా కాక ఖాళీలన్నిటినీ కలిపి ఒకే నోటిఫికేషన్ ఇవ్వాలి. తెలంగాణలోని రెండు వందలకు పైబడిన మైనారిటీ గురుకులాల్లో కంప్యూటరు గదికి బాధ్యుడిగా అర్హత గల శాశ్వత ఉద్యోగి ఉండాలి. ఈ విభాగాల్లో ఏ వర్గంవారు ఎందరున్నారో లెక్క ప్రకటించాలి. దాచవలసింది ఏమీ లేకపోతే లెక్క చెప్పడానికి జంకెందుకు?

మన సంఘాలకూ ఒక పని ఉంది. ఊరూరా మన ఫంక్షన్ హాళ్లు, సంఘ భవనాలు పగలంతా ఖాళీగానే ఉంటాయి. వాటిలో ఒక గదిని ఉద్యోగ సమాచారానికి, నెట్ శిక్షణకు కేటాయించలేమా? ఒక ధ్వనిముద్రణ పరికరం, రెండు కంప్యూటర్లు ఉంటే మన పట్టభద్రులు ఉర్దూ పాఠాలు తామే తయారుచేసి అధికారుల ముందు పెట్టగలరు. ‘మాకు చేతనవును, కొలువు ఇవ్వండి’ అని అడగడానికి అంతకు మించిన అర్జీ ఉండదు.

ఆ బడిలో తెర ఇంకా వెలుగుతూనే ఉంది. దాని ముందు కూర్చున్న బిడ్డ తన భాషలో మాట వినపడుతుందేమోనని చూస్తోంది. ఆ మాట పలకగలిగిన అక్క అదే వీధిలో కొలువు లేక కూర్చుని ఉంది. వారిద్దరి మధ్య ఉన్న తలుపు తెరిచేదాకా మేము అడుగుతూనే ఉంటాం.