నక్షత్ర నౌకకూ నెలవారీ కిస్తీ!

లాల్‌దర్వాజాలో మా చెల్లెలి ఇంట కుర్రకారు బల్ల చుట్టూ చేరి, పాచికలు దొర్లిస్తూ గ్రహాల మధ్య సరకులు తోలుతున్నారు. 1977లో అమెరికాలో వెలువడిన ‘ట్రావెలర్’ అనే ఆట అది. అందులో ఒక గెంతు ఒక పార్సెక్కయినా, ఆరైనా పట్టేది ఇంచుమించు వారమే. అప్పు మీద కొన్న ఓడకు నెలనెలా ధరలో 240వ వంతు చొప్పున 40 ఏళ్లు కిస్తీ! లెక్క కట్టి చూడండి, కిస్తీలే ధరకు రెట్టింపు.

“లెక్కలు విసుగు మామయ్యా, తీసేస్తాం” అన్నాడు మేనల్లుడు. తీసేశారు. రెండో ఆదివారానికే ఆట చప్పబడింది. ఎక్కడికి పోయినా ఒకటే, ఎప్పుడు పోయినా ఒకటే మరి!

అప్పుడు ఆటో నడిపే ఆయన కొడుకు ఉపాయం చెప్పాడు: “మా నాన్న రూపాయి రూపాయీ రాయడు. కిస్తీ, గ్యాసు, మరమ్మతు కలిపి నెలకు ఒకే అంకె గుర్తుంచుకుంటాడు. ఖాళీగా తిరిగిన రోజు మాత్రం మరవడు.”

అలాగే చేశారు. ఓడ ఖర్చంతా నెలకొక్క అంకె. ప్రయాణం వారం, రేవులో వారం. అంటే నెలకు రెండే బేరాలు. ఇక ఏ గ్రహానికి సరకెత్తాలన్నది చావుబతుకుల ప్రశ్నే!

తిరిగి వస్తూ చార్మినారు దగ్గర ఆటో బేరమాడబోయాను. ఎందుకో నోరు రాలేదు.