యంత్రంలో ప్రాణమెక్కడిది?

యంత్రాలతో అల్లిన సంగీతానికి ప్రాణముండదని మనలో చాలామంది తీర్మానించుకున్నాం. నా మటుకు నాకు ఆ తీర్పు అన్యాయమనిపిస్తుంది. బేస్‌మెంట్ జాక్స్ జంటే ఇందుకు సాక్ష్యం.

ఫీలిక్స్ బక్స్‌టన్, సైమన్ రాట్‌క్లిఫ్ 1994లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో జతకట్టారు. అట్లాంటిక్ జాక్స్ అనే సొంత లేబుల్‌పై హౌస్ సంగీతపు రికార్డులు వెలువరించారు. 1999లో 'రెమెడీ', 2001లో 'రూటీ' ఆల్బములతో పేరు పొందారు.

నా వాదనకు అసలు బలం 2003 నాటి 'కిష్ కాష్'. పంక్ కాలపు సూక్సీ సూ, బాయ్ బ్యాండ్ నుండి వచ్చిన జేసీ షాజే, ఇరవయ్యేళ్ళయినా నిండని ర్యాపర్ డిజ్జీ రాస్కల్ - ఒకరికొకరు పొసగని ఈ గొంతులన్నీ అందులో ఒకే పందిట చేరాయి. ఉత్తమ ఎలక్ట్రానిక్/డాన్స్ ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం మొట్టమొదటిసారి ఇచ్చింది 2005లో. అందుకున్నది ఈ ఆల్బమే.

ఇంత ఔదార్యానికి మూల్యమూ ఉంది. విన్నవారికి పాడిన గొంతు గుర్తుంటుంది. కూర్చిన ఇద్దరి ముఖాలు గుర్తుండవు. అది లోపమని నేననుకోను. తంబురా కూడా కట్టే, తీగలే కదా! ఎవరిని పిలవాలో, ఎవరి గొంతుకు ఎక్కడ చోటివ్వాలో యంత్రం చెప్పదు. ప్రాణమున్నది ఆ ఎంపికలోనే.

మీరేమంటారు?