అడవి పందికి సీసం గుండు జవాబు కాదు

పల్లికాయ ఊరే రోజుల్లో, మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో రైతు ఇంట్లో పడుకోడు. మంచె మీద జాగారం చేస్తాడు. చేతిలో టార్చిలైటు, పక్కన డబ్బా. కన్ను మూతపడితే చాలు, పందుల గుంపు చేనంతా కుళ్లగించి పోతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో గుట్టల అంచున, కృష్ణ ఒడ్డున సేద్యం చేసేవారికి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఓపిక నశించిన చోట కొందరు నాటు తుపాకీ వైపు చూస్తున్నారు. సీసం కరిగించి గుండ్లు పోసుకుని, మందు కూరి కాలిస్తే పీడ పోతుందనే మాట మా సమావేశాల్లోనూ వినబడుతోంది. ఆ కోపం మాకు తెలుసు. ఆ దారి మాత్రం వద్దంటున్నాం.

నాటు తుపాకీలో మందు కొలత అంతా అంచనాయే. ఎక్కువైతే గొట్టం మొహం మీదే పేలుతుంది. తక్కువైతే పంది గాయపడి మనిషి మీదికే తిరుగుతుంది. చీకట్లో తప్పిన గుండు ఎక్కడ ఆగుతుంది? పక్క చేను మంచె మీద కూర్చున్నదీ మనలాంటి రైతే.

ఇక సీసం సంగతి. అది 327 డిగ్రీలకే కరుగుతుంది, అందుకే ఇంటి పొయ్యి మీదే పోసుకోవచ్చనిపిస్తుంది. పాత బ్యాటరీ పలకలు వాకిట్లో కరిగిస్తే ఆ పొగ, దుమ్ము ముందు చేరేది పిల్లల ఒంట్లోకే. మెత్తటి గుండు ఎముకకు తగిలి చెదిరి, కంటికి కనబడని తునకలుగా మాంసంలో మిగులుతుంది. ఇంత వరకు ఫరవాలేదనే హద్దు సీసానికి లేదు. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం తూటాలనే నిషేధించారు.

కేసుల సంగతి వేరే. అనుమతి లేకుండా పందిని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద, లైసెన్సు లేని తుపాకీ దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద జైలు. కరెంటు తీగలు పరచడం అంతకన్నా ఘోరం. వాటికి బలయ్యేది తరచూ మనుషులే.

మరి రైతు చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. నిలిచిన పంటకు ముప్పు తెచ్చే పందిని వేటాడేందుకు అధికారులు అనుమతి ఇవ్వవచ్చని వన్యప్రాణి చట్టం 11వ సెక్షనే చెబుతోంది. పంట కాపాడుకోవడానికి గొట్టంలో మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆయుధాల చట్టంలోనూ ఉంది. బీహార్‌లో 2015లో, ఉత్తరాఖండ్‌లో 2016లో కొన్ని జిల్లాల్లో అడవి పందిని హానికర జంతువుగా కేంద్రం ప్రకటించింది. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే కాల్చివేతకు అనుమతిచ్చే అధికారం ఇచ్చింది. దారి ఉంది. ఆ దారి ఊరి దాకా రావాలి.

నష్టపోయిన పంట మాటేమిటి? ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 వానాకాలం నుంచి చేరుస్తామని కేంద్రం ప్రకటించింది. మన రాష్ట్రం 2020లోనే ఆ పథకం నుంచి బయటికొచ్చింది. బీమా లేని రైతుకు ఆ ప్రకటన వల్ల ఒరిగేదేమిటి?

అందుకే మేము అడుగుతున్నాం. ఫిర్యాదు చేసిన వారంలోగా అటవీ సిబ్బంది చేను చూడాలి. శిక్షణ, లైసెన్సు ఉన్న షూటర్లను సర్కారు ఖర్చుతో పంపాలి. సోలార్ కంచెకు చిన్న రైతుకు పూర్తి సబ్సిడీ ఇవ్వాలి. పంట నష్టాన్ని ఎకరాల లెక్కన కట్టివ్వాలి.

ఈలోగా మన చేతిలోనూ కొంత పని ఉంది. పల్లి చుట్టూ కుసుమ, మక్క చుట్టూ ఆముదం వరసలు వేయమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఒక్కరు వేస్తే పంది పక్క చేనుకు పోతుంది, ఊరంతా కలిసి వేయాలి. నష్టం జరిగిన పొద్దే ఫోటో తీసి, రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. నకలు సంఘానికి ఇవ్వండి.

1946–51 మధ్య ఈ గడ్డ మీద రైతులు వడిసెలలు, భర్మార్లు పట్టింది భూమి కోసం, దొరల జులుం మీద. వాళ్ల బలం తుపాకీలో కన్నా ఎక్కువగా ఊరూరా కట్టిన సంఘంలో ఉంది. ఇవాళ పందుల బాధకు కూడా రైతు ఒంటరిగా చీకట్లో తుపాకీ పట్టనక్కర్లేదు. దరఖాస్తులు పట్టుకుని, పట్టపగలు, అందరం కలిసి అటవీ కార్యాలయానికి పోదాం.