ఇంజిన్‌కీ దాహమేస్తుంది!

ఇంటిల్లిపాదీ ఎక్కిన కారు ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటుంది. గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ తొక్కితే బానెట్ కింద నుంచి గోళీలు దొర్లినట్టు 'టకటక'మని చప్పుడు. మెకానిక్‌ని అడిగితే 'నాకింగ్ సార్' అంటాడు. దానికి రెండో ప్రపంచయుద్ధం నాటికే ఓ మందు వాడారు. ఏమిటో తెలుసా? నీళ్లు!

పెట్రోల్ ట్యాంకులో కాసిని నీళ్లు పడితేనే బండి మొరాయిస్తుంది కదా అంటారేమో. నిజమే. అయితే ఇక్కడ నీళ్లు కలిపేది పెట్రోల్లో కాదు, ఇంజిన్ పీల్చుకునే గాలిలో. అదీ పొగమంచులాంటి సన్నటి తుంపరగా.

అసలు నాకింగ్ ఎందుకొస్తుంది? స్పార్క్‌ప్లగ్ నిప్పురవ్వ విసరగానే మంట సిలిండర్లో ఈ పక్కనుంచి ఆ పక్కకి వరసగా పాకాలి. బరువు ఎక్కువై లోపల వేడీ ఒత్తిడీ పెరిగిపోతే, మంట ఇంకా చేరని మూలన ఉన్న మిశ్రమం ఆగలేక తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బ చప్పుడే మనకి వినిపించేది. అది అలాగే సాగితే పిస్టన్‌కి చిల్లు పడినా ఆశ్చర్యం లేదు. గాలిని నొక్కిపెట్టి పంపే టర్బో ఇంజిన్లకి ఈ బెడద మరీ ఎక్కువ.

ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండలోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది కాబట్టి. ఇంజిన్లో జరిగేదీ అదే. కిలో నీళ్లు ఆవిరవడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. అంతే బరువున్న పెట్రోల్ తీసుకునేదానికి ఇది సుమారు ఆరు రెట్లు. లోపల చల్లబడితే నాకింగ్ భయం తగ్గుతుంది. అప్పుడు టర్బో ఒత్తిడి ఇంకాస్త పెంచుకోవచ్చు. అదనపు బలం వచ్చేది అందులోంచే. నీళ్లు మండవు, మండేది పెట్రోలే. 'నీళ్లతో నడిచే కారు' కబుర్లకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

యుద్ధకాలంలో అమెరికా థండర్‌బోల్ట్ విమానం ఇంజిన్ 2,000 హార్స్‌పవర్‌ది. నీటి తుంపర తోడైతే 2,300 ఇచ్చేది. జర్మన్లు నీళ్లలో సగానికి సగం మిథనాల్ కలిపి వాడారు. ఆకాశంలో గడ్డకట్టకుండా కూడా అది కాపాడేది.

ఇదే కిటుకుని జనరల్ మోటార్స్ 1962లో మామూలు కుటుంబాల ముందుకి తెచ్చింది. కారు పేరు ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. మూడున్నర లీటర్ల ఇంజిన్, టర్బో, 215 హార్స్‌పవర్. బానెట్ కింద డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవానికి వేరే ట్యాంకు. దానికి 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అని ఘనమైన పేరు! ఆ ట్యాంకు ఖాళీ అయితే ఇంజిన్ పాడవకుండా టర్బో ఒత్తిడి దానంతటదే తగ్గిపోయే ఏర్పాటూ చేశారు. అంతా బాగానే ఆలోచించారు గానీ, కొన్నవాళ్లలో చాలామంది ఆ ట్యాంకు సంగతే మర్చిపోయారు. ద్రవం అయిపోయేది, జెట్‌ఫైర్ కాస్తా నీరసపడేది, 'కొత్త కారు లాగట్లేదు' అంటూ షోరూముకి వచ్చేవారు. రెండేళ్లకే ఉత్పత్తి ఆపేశారు. తర్వాత కంపెనీయే చాలా కార్లకి టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇచ్చింది. నన్నడిగితే ఇంజినీర్ల తప్పేం లేదు. మనం మాత్రం, వైపర్ నీళ్ల డబ్బా ఎన్నాళ్లకోసారి చూస్తాం?

2016లో బీఎమ్‌డబ్ల్యూ ఎం4 జీటీఎస్ అనే కారుతో ఈ పద్ధతి మళ్లీ రోడ్డెక్కింది. మామూలు ఎం4 ఇంజిన్ 431 హార్స్‌పవర్ ఇస్తే ఇది 500 ఇచ్చింది. డిక్కీలో అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ ట్యాంకు. ఇంజిన్ ఆపగానే గొట్టాల్లో మిగిలిన నీళ్లు తిరిగి ట్యాంకులోకి వెళ్లిపోతాయి. చలిదేశాల్లో అవి అక్కడే ఉంటే గడ్డకడతాయి మరి.

ఇందులో బలమే కాదు, పొదుపూ ఉంది. టర్బో ఇంజిన్లు పూర్తి వేగంలో ఉన్నప్పుడు చల్లబరచుకోవడానికే కొంత పెట్రోల్ అదనంగా తాగుతాయి. ఆ పని నీళ్లకి అప్పగిస్తే అంతమేరా మిగులే. పట్నం ట్రాఫిక్‌లో నలభై దాటని కారుకి మాత్రం ఇందులో ఒరిగేదేమీ లేదు.

బయట దొరికే కిట్లు చూసి ముచ్చటపడేవాళ్లకి ఒక్క మాట. కుళాయి నీళ్లు పోశారో, అందులోని లవణాలు సన్నటి నాజిల్‌ని పూడ్చేస్తాయి. తుంపర ఆగినా ఒత్తిడి తగ్గించే ఏర్పాటు ఆ కిట్‌లో లేకపోతే, తర్వాత బిల్లు కట్టాల్సింది పిస్టన్లకే.